మౌస్ మీది చేయి తీసి చూడండి

రైల్వే ఉద్యోగాల పరీక్ష ఆర్ఆర్‌బీ గ్రూప్-డి కంప్యూటర్ మీద రాసేవాళ్లకు, ముఖ్యంగా నాలాగా ఆర్ట్స్ చదివి సైన్స్ పేరు వింటేనే టెన్షన్ పడేవాళ్లకు ఇది. 100 ప్రశ్నల్లో జనరల్ సైన్స్ 25. తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. మొదటిసారి నాకు పోయినవాటిలో ఎక్కువ కరెంటు, అయస్కాంతం చాప్టర్‌లోవే.

పోయిన తీరు చెప్పుకోవడానికి సిగ్గే. తీగలో కరెంటు ఫలానా దిక్కుకు పోతోంది, తీగ కింద అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటుంది అని ప్రశ్న. కుడిచేతి బొటనవేలు నిబంధన నోటికొచ్చు: బొటనవేలు కరెంటు దిక్కుకు చాపి తీగను పట్టుకుంటే, ముడిచిన వేళ్లు క్షేత్రం తిరిగే దిక్కు చూపుతాయి. కానీ కుడిచేయి మౌస్ మీద ఉంది! ఖాళీగా ఉన్న ఎడమచేత్తోనే తీగ పట్టుకున్నట్టు పెట్టి చూసి క్లిక్ చేశాను. అచ్చంగా తలకిందుల జవాబు. అదీ ఆప్షన్లలో ఉంటుంది మరి, పేపర్ సెట్ చేసేవాళ్లకు మన చేతుల సంగతి తెలుసు.

రెండోసారి నోట్స్ పక్కనపెట్టి ఒక చిన్న దిక్సూచి, పెన్సిల్ సెల్, జానెడు తీగ కొన్నాను. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరగడం 1820లో కోపెన్‌హాగన్‌లో శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ చూశాడు, అది నేనూ చూద్దామని. తీగ పెట్టాను, ముల్లు కదల్లేదు. పావుగంట తర్వాత తెలిసింది, తీగను తూర్పు పడమరలుగా పెట్టానని. అలా పెడితే తీగ క్షేత్రం కూడా ఉత్తర దక్షిణాలుగానే ఉంటుంది, ఇక ముల్లును పక్కకు లాగేదేముంది? ముల్లుకు సమాంతరంగా, దాని పైన పెట్టి, కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేలా తాకించాను. ఉత్తరపు కొన పడమరకు తిరిగింది. తీగను ముల్లు కిందికి మారిస్తే తూర్పుకు. ఆ రోజు నుంచి ఈ బిట్ తప్పలేదు. మీరూ చేయండి, కాకపోతే అది షార్టే కాబట్టి ఒక్క సెకను తాకించి తీసేయండి, సెల్ వేడెక్కుతుంది.

తర్వాత శాస్త్రవేత్త ఫారడే, 1831. ఇనుప కడియానికి రెండు చుట్లు చుట్టి, ఒకదానికి బ్యాటరీ ఇచ్చాడు. రెండోదానికి కలిపిన ముల్లు బ్యాటరీ పెట్టినప్పుడు, తీసినప్పుడు మాత్రమే ఉలిక్కిపడింది. మధ్యలో కరెంటు నిండుగా పోతున్నా కదల్లేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలా బిట్లు వస్తాయి. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదపకుండా ఉంచితే ప్రేరిత విద్యుత్తు సున్నా. ట్రాన్స్‌ఫార్మర్‌కు నిలకడైన డీసీ ఇస్తే అవతల ఏమీ రాదు. మార్పు లేనిదే కరెంటు లేదు.

ఇలా పుట్టిన కరెంటు తనను పుట్టించిన మార్పునే ఎదిరిస్తుందనే లెంజ్ నియమం మాత్రం మా నాన్న సైకిల్ నేర్పింది. డైనమోను టైరుకు ఆనిస్తే లైటు వెలిగేది, తొక్కడం బరువయ్యేది. అంతా రాపిడే అనుకునేవాణ్ణి. బల్బు వైరు ఊడిన రోజున డైనమో తిరుగుతున్నా కాళ్లకు అంత బరువు తెలియలేదు. కరెంటు పారితేనే అది తిప్పేవాడికి ఎదురు తిరుగుతుంది.

ఫ్లెమింగ్ చేతి నియమాల్లో మూడు వేళ్లను ఒకదానికొకటి లంబంగా చాపాలి. ఆ వేళ్లకు నా గుర్తు: బొటనవేలు బలం. చూపుడువేలు దిక్సూచి చూపే దిక్కు, అంటే క్షేత్రం. మిగిలిన మధ్యవేలు కరెంటు. కరెంటు ఇచ్చి కదలిక తీసుకుంటే ఎడమచేయి, అది మోటార్. కదలిక ఇచ్చి కరెంటు తీసుకుంటే కుడిచేయి, అది జనరేటర్. అప్పుడు బొటనవేలు కదలికను చూపుతుంది.

తెలుగు మీడియం వాళ్లు అభివాహం, ఫ్లక్స్ ఒకటేనని గుర్తుంచుకోండి, ఒక వైశాల్యం గుండా పోయే మొత్తం అయస్కాంత క్షేత్రం అన్నమాట. ప్రమాణం వెబర్. టెస్లా అనేది ఫ్లక్స్ సాంద్రతకు.

రెండోసారి పరీక్షలో మళ్లీ అదే రకం ప్రశ్న వచ్చింది. మౌస్ వదిలి, కుడిచేయి పైకెత్తి, బొటనవేలు చాపి వేళ్లు ముడుస్తున్నాను. ఇన్విజిలేటర్ మేడమ్ గబగబా వచ్చి, "ఏం కావాలి బాబూ?" అన్నారు.

"ఏం లేదు మేడమ్, దొరికింది" అన్నాను.