రెండింటికి మూసి ఐదింటికి తెరిచే ఊళ్లు: ఎక్స్‌త్రెమదూరాలో కారు ప్రయాణం

స్పెయిన్‌లోని ఎక్స్‌త్రెమదూరాలో మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఊరు షట్టర్ దించేస్తుంది. కిరాణా కొట్టు, బట్టల షాపు, టూరిస్టు ఆఫీసు, చర్చి, చిన్నచిన్న మ్యూజియంలు, అన్నీ మూతే. మళ్లీ తాళం తీసేది ఐదింటికి, కొన్నిచోట్ల ఐదున్నరకి. మేం చూసిన ట్రావెల్ వీడియోల్లో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ప్లాసెన్సియా నుంచి త్రుహీయోకి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, గంటన్నర చాలు అని దూరాలు చెప్పి ఊరుకుంటారు. ఆ లెక్క నమ్ముకుని టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరితే ఒంటిగంటన్నరకి దిగుతారు. అరగంట తిరిగేలోపు ఊరు ఖాళీ.

దీన్ని సోమరితనం అనుకోవడం తప్పు. ఈ ప్రాంతం స్పెయిన్‌కి పడమటి అంచున, పోర్చుగల్ సరిహద్దులో ఉంది. గడియారం మాత్రం జర్మనీ, ఇటలీలతో కలిసి నడుస్తుంది. 1940లో స్పెయిన్ టైము ఒక గంట ముందుకు జరిపారు, మళ్లీ వెనక్కి తేలేదు. వేసవిలో దానిపైన ఇంకో గంట కలుస్తుంది. అందుకే అప్పుడు ఇక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది రెండుంబావు, రెండున్నర మధ్యలో. రెండింటికి భోజనం అంటే నిజానికి మిట్టమధ్యాహ్నపు భోజనమే. సరిహద్దు దాటితే పోర్చుగల్‌లో గంట తక్కువ. ఆ చుట్టుపక్కల అవతలి టవర్ సిగ్నల్ అందుకుంటే ఫోన్ తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది, కాబట్టి అక్కడ అలారం పెట్టేటప్పుడు ఆటోమేటిక్ టైము ఆపేయండి.

ఇది తెలిశాక రోజుని ఇలా కోసుకోవాలి. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ముఖ్యమైనవి చూడాలి. రెండింటికి భోజనానికి కూర్చోవాలి. నాలుగింటి నుంచి ఐదున్నర దాకా కారు నడపాలి. తర్వాతి ఊళ్లో సాయంత్రం ఎనిమిది దాకా తిరగాలి. అంటే ప్రయాణమంతా ఆ మూతపడ్డ గంటల్లోకి నెట్టేయాలి. సోమవారం చాలా మ్యూజియంలు ఉండవు, ఆదివారం సాయంత్రం ఇంకా తక్కువ. రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. పిల్లలు ఉంటే బార్‌లో ఏడింటికి ఒక తోర్తీయా ముక్క తినిపించి పడుకోబెట్టడం మేలు. తోర్తీయా అంటే మెక్సికో రొట్టె కాదు, బంగాళాదుంప, గుడ్డు కలిపి మందంగా వేసిన అట్టు.

ఇక కారు సంగతి. ఈ పల్లెల మధ్య బస్సులు రోజుకి ఒకటో రెండో, ఆదివారం అవీ ఉండవు. కాబట్టి మాడ్రిడ్ ఎయిర్‌పోర్టులో కారు అద్దెకి తీసుకోవడమే దారి. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా చూపించాలి. దాని గడువు ఏడాది, ప్రయాణం తేదీ చూసుకుని తీసుకోండి. డిపాజిట్ కోసం డ్రైవర్ పేరుమీద ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు చాలా కౌంటర్లలో చెల్లదు. భార్య డ్రైవరు, కార్డు భర్తది అన్నా కుదరదు. ఆటోమేటిక్ కావాలని ముందే చెప్పకపోతే గేర్ల బండే చేతికొస్తుంది, గేర్ రాడ్ కుడిచేతి వైపు ఉంటుంది.

కుడివైపు నడపడం హైవే మీద కష్టం కాదు. ముందు బండిని చూస్తూ పోతే చాలు. తప్పు జరిగేది పొద్దున్నే మనిషి లేని వీధిలో కారు తీసిన మొదటి నిమిషంలో, లేదా పెట్రోల్ బంకులోంచి ఎడమకి తిరిగేటప్పుడు. చూసి పోవడానికి ఇంకో బండి ఉండదు, చేతులు పాత అలవాటుకి పోతాయి. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఆ రెండు సందర్భాల్లో 'కుడి, కుడి' అని పైకి అనాలి. ఇంకోటి, మనం ఎడమవైపు కూర్చుంటాం కాబట్టి బండి తెలియకుండా కుడి అంచుకి జరుగుతుంది, రాతి గోడల సందుల్లో కుడి అద్దం గీసుకునేది అందుకే. ఇండికేటర్ మీట ఎడమచేతి వైపు ఉంటుంది, మొదటి రోజంతా వైపర్లు ఊరికే ఆడుతుంటాయి.

రౌండబౌట్‌లో తిరుగుతున్న బండికే హక్కు, లోపలికొచ్చేవాళ్లు ఆగాలి. లోపలి లేన్‌లోంచి నేరుగా బయటికి కోయకూడదు. బయటి లేన్‌కి రాలేకపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనుకోరు. రెండు వైపులా రెండేసి లేన్లున్న ఆటోవియాలో 120, మామూలు రోడ్డులో 90, ఊళ్లో వైపుకి ఒకే లేన్ ఉన్న వీధిలో 30. ఈ 30 రూలు 2021 నుంచి ఉంది, మనవాళ్లకి జరిమానాలు పడేది ఎక్కువగా ఇక్కడే. 20 రోజుల్లో కడితే జరిమానా సగమే, కానీ అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకి పంపినందుకు వేరే ఛార్జీ వేస్తుంది, అది మాత్రం తగ్గదు. ఏ-5, ఏ-66 రోడ్లకి టోల్ లేదు. బోర్డు మీద ఏపీ అనో, మాడ్రిడ్ చుట్టుపక్కల ఆర్ అనో మొదలైతే టోల్ ఉండొచ్చు.

బంకులో 'గసోలినా 95' పెట్రోలు, 'గసోలియో' డీజిల్. పేర్లు దగ్గరగా ఉంటాయి, పైపు రంగుని నమ్మకుండా ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ చూడండి. గుండ్రంలో ఈ-5 ఉంటే పెట్రోలు, చతురస్రంలో బీ-7 ఉంటే డీజిల్.

మాడ్రిడ్ నుంచి ఏ-5 మీద నవల్మొరాల్ దాకా వచ్చి ఉత్తరానికి తిరిగితే లా వేరా. గ్రేదోస్ కొండల దక్షిణపు వాలు ఇది. ఈ ప్రయాణంలో ఒక్కచోటే చూడగలిగే టైము ఉందంటే నేను ఇదే చెప్తాను, అదీ అక్టోబరులో. ఈఎక్స్-203 రోడ్డు వెంట హరాందీయా, క్వాకోస్, హారాయిస్ అని ఊళ్లు వరసగా వస్తాయి. కారు అద్దం దించితే చాలు, పొగ వాసన. పొలాల్లో రెండు రకాల షెడ్లు కనిపిస్తాయి. గోడంతా చిల్లులు పడేలా ఇటుకలు పేర్చినవి పొగాకు ఆరబెట్టేవి, గాలి ఆడటానికి ఆ చిల్లులు. పైకప్పు పెంకుల సందుల్లోంచి పొగ ఊరుతున్నవి మిరపకాయలవి.

మన గుంటూరు కల్లాల్లో కాయని నేలమీద పరిచి ఎండకి వదిలేస్తాం. స్పెయిన్‌లోనే మూర్సియా వైపు అలాగే ఎండబెడతారు. ఇక్కడ కుదరదు. కాయ కోతకొచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో, అప్పుడే కొండలవైపు వానలు మొదలవుతాయి. అందుకని రెండంతస్తుల షెడ్డు కడతారు. కింద నేలమీద ఓక్ దుంగలు మంట లేవకుండా నివురుగప్పి రాజుతుంటాయి. పై అంతస్తుకి నేల అంటూ ఉండదు, సందులు వదిలి పరిచిన చెక్క బద్దలు. వాటిమీద మందంగా కాయలు పోస్తారు. పొగ ఆ సందుల్లోంచి కాయల్లోకి ఎక్కి పెంకుల గుండా బయటపడుతుంది. పది పదిహేను రోజులు ఇదే పని. రోజూ ఒక మనిషి పైకెక్కి కుప్పంతా తిరగేయాలి, లేకపోతే అడుగు కాయ నల్లబడుతుంది, పై కాయ బూజు పడుతుంది. తర్వాత తొడిమ, గింజ తీసి రాతి తిరగళ్లలో నెమ్మదిగా ఆడిస్తారు, వేడెక్కితే రంగు పోతుందని. చేతిలో పోసుకుంటే కారప్పొడి కన్నా మెత్తగా, కాస్త జిడ్డుగా ఉంటుంది. ఘాటుకి ముందు కట్టెల పొయ్యి వాసన తగులుతుంది.

షెడ్లు రైతులవి, టికెట్ పెట్టి చూపించేవి కావు. గేటు దగ్గర ఆగి అడిగితే చాలామంది రమ్మంటారు, పొగలో ఐదు నిమిషాలకే కళ్లు మండుతాయి. హారాయిస్ మెయిన్ సెంటర్లో మిరప మ్యూజియం ఉంది, అదీ మధ్యాహ్నం మూతే. పొడిని పిమెంతోన్ అంటారు. దుల్సె తీపి, అగ్రిదుల్సె మధ్యస్తం, పికాంతె కారం. మన నాలుకకి పికాంతె కూడా చప్పనే. డబ్బా మీద 'పిమెంతోన్ దె లా వేరా' అన్న పేరు, నంబరు వేసిన లేబుల్ చూసి కొనండి. 'పొగ రుచి' అని మాత్రమే రాసుంటే అది వేరే సరుకు.

ఈ ఊళ్ల మధ్యే యుస్తే మఠం ఉంది. సగం యూరప్‌నీ, అమెరికా ఖండంలో కొత్తగా గెలిచిన నేలనీ ఏలిన ఐదో చార్లెస్ గద్దె దిగి, 1557లో ఇక్కడికొచ్చి, మరుసటి ఏడాది సెప్టెంబరులో మలేరియాతో పోయాడు. పడకమీంచే చర్చి పీఠం కనపడేలా గది కట్టించుకున్నాడు, ఆ తలుపు ఇప్పటికీ చూడొచ్చు. సోమవారం సెలవు. మఠానికెళ్లే దారిలో జర్మన్ సైనికుల శ్మశానం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ స్పెయిన్ తీరాల్లో, నేలమీద చనిపోయిన 180 మంది నావికులు, వైమానికుల నల్లరాతి సిలువలు ఆలివ్ చెట్ల కింద వరసగా ఉంటాయి. టికెట్ లేదు, జనమూ లేరు.

తిండి దగ్గర మాకు చిరాకు తప్పలేదు. శాకాహారి అని చెప్తే తల ఊపి, పప్పులో చోరీసో సాసేజ్ ముక్కలు వేసి తెస్తారు. వాళ్ల లెక్కలో హమోన్, అంటే ఉప్పుపెట్టి ఆరబెట్టిన పంది తొడ, మాంసం కాదు, ఉప్పులాంటిది. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అంటే చాలదు, 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ చోరీసో, సిన్ ఆతూన్' అని వరసబెట్టి చెప్పాలి. ఆతూన్ అంటే ట్యూనా చేప, మామూలు సలాడ్‌లో అడగకుండానే వస్తుంది. మీగాస్ అనే వేయించిన రొట్టె పొడిలో పంది కొవ్వు ఉంటుంది, అది వదిలేయండి. పొద్దున్న రొట్టె మీద తురిమిన టమాటా, ఆలివ్ నూనె, ఉప్పు అడగండి, ప్రతి బార్‌లో దొరుకుతుంది. కాల్చిన ఎర్ర మిరపల సలాడ్ సొరొంగోయో కూడా మంచిదే. అన్నిటికన్నా తోర్తా దెల్ కసార్ చీజ్. జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్ వేయకుండా ముళ్లమొక్క పువ్వు నానబెట్టిన నీళ్లతో గొర్రెపాలు విరగ్గొడతారు కాబట్టి శాకాహారులూ నిశ్చింతగా తినొచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట ఉంచి, పైన మూతలా కోసి, లోపల జారుగా ఉన్నదాన్ని రొట్టెతో తీసుకోవాలి. వాసన మాత్రం ఘాటు.

మాంసం తినేవాళ్లకి ఒక్క మాట. హమోన్ కాలికి కట్టిన ట్యాగ్ రంగు చూడండి. నలుపైతే నూరు శాతం ఇబేరికో జాతి, ఓక్ గింజలు మేసినది. తెలుపైతే షెడ్డులో దాణా తిన్నది. మెనూలో ఉత్త 'ఇబేరికో' అని రాసి బెయోతా, అంటే ఓక్ గింజలు మేసినదాని ధర వేసే చోట్లు ఉన్నాయి. మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా'లో రెండు వంటకాలు, రొట్టె, ఏదో ఒక డ్రింకు, స్వీటు కలిపి పన్నెండు నుంచి పదహారు యూరోలు. అదే హోటల్లో రాత్రి విడిగా తింటే రెట్టింపు. వైన్ కూడా ఆ ధరలోనే ఉంటుంది, నాలుగింటికి స్టీరింగ్ పట్టేవాళ్లు ముట్టకండి.

ప్లాసెన్సియాలో ట్యాంకు నింపుకుని ఈఎక్స్-208 పట్టుకుంటే మోన్‌ఫ్రాగ్వె నేషనల్ పార్కు. రోడ్డు పార్కు మధ్యలోంచే పోతుంది, ఎంట్రీ ఫీజు లేదు. సాల్తో దెల్ హితానో వ్యూపాయింట్ దగ్గర తాహో నదికి అవతల నిలువు బండ, దానినిండా రాబందులు. తెల్లవారుజామునే వెళ్లి లాభం లేదు. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా అవి రెక్క విప్పవు, పది దాటాక మాత్రం మన కళ్ల ఎత్తులోనే తిరుగుతాయి. మన దగ్గర రాబందు కనపడక ఎన్నాళ్లయిందో, ఇక్కడ లెక్కపెట్టడం మానేశాం.

త్రుహీయో, పెరూని జయించిన పిసార్రో పుట్టిన ఊరు. సెంటర్లో గుర్రం మీద విగ్రహం, పెరూ వెండితో లేచిన మేడలు. కారుని దిగువనున్న కొత్త ఊళ్లో వదిలి నడిచి ఎక్కండి, కోట దారుల్లో ఎదురు బండొస్తే వెనక్కి తీయడానికి జాగా ఉండదు. గ్వాదలూపె మఠానికి మ్యాప్ చూపించే టైముకి ఇరవై నిమిషాలు కలుపుకోండి, అంతా మలుపులే. కాసెరెస్ పాత ఊరు అందంగా ఉంది, అందరూ రాసేశారు. పాత ఊళ్లోకి వెళ్లే వీధుల్లో అనుమతి లేని కార్లని పట్టే కెమెరాలుంటాయి, లోపలి హోటల్ తీసుకుంటే కారు నంబరు ముందే వాళ్లకి పంపండి.

మెరిదా ఆ మధ్యాహ్నపు మూతకి మందు. క్రీ.పూ. 25లో రోమన్లు రిటైరైన సైనికుల కోసం వేసిన ఊరు ఇది. ఇక్కడి నాటకశాల, పక్కనున్న ఆంఫీథియేటర్ మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటాయి. అక్టోబరులో రెండింటికి వెళ్తే గుంపులు భోజనాల్లో ఉంటాయి, మెట్లన్నీ మనవే. జులైలో అదే టైముకి రాయి కాలుతుంది, నలభై డిగ్రీలు మామూలు. పక్కనే 1986లో తెరిచిన, ఆర్కిటెక్ట్ రఫాయెల్ మొనెయో గీసిన రోమన్ మ్యూజియం సోమవారం మూస్తారు, అందుకని మెరిదా ఆ రోజుకి పెట్టుకోకండి. గ్వాదియానా మీది రోమన్ వంతెన దాదాపు 800 మీటర్లు, నడిచేవాళ్లకే.

తిరుగుదారిలో ఏ-5 మీద మాడ్రిడ్‌కి మూడున్నర గంటలు పడుతుంది, ఆదివారం సాయంత్రమైతే ఊరిబయట ఇంకో గంట. కారు నిండు ట్యాంకుతో తిరిగివ్వాలన్నది ఒప్పందమైతే ఎయిర్‌పోర్టుకి పది కిలోమీటర్ల లోపల కొట్టించి, బిల్లు, మీటరు కలిపి ఫొటో తీసుకోండి. పిమెంతోన్ డబ్బాలు చెక్-ఇన్ పెట్టెలో వేయండి. ఇంటికొచ్చాక దాన్ని మన కారంలా మరిగే నూనెలో వేయకండి, క్షణంలో మాడి చేదెక్కుతుంది. పొయ్యి కట్టేసి, ఒక్క నిమిషం ఆగి, అప్పుడు కలపండి. వేయించిన బంగాళాదుంపల మీదకి అర చెంచా చాలు.