నెనరుకి ఒక సొంత వాక్యం

తొమ్మిదో తరగతి తెలుగు నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో మా ఇంట్లోకి నీళ్లొచ్చి సగం పేజీలు అతుక్కుపోయాయి గానీ, సొంత వాక్యాలు రాసిన పేజీలు మాత్రం చదవడానికి వస్తున్నాయి. మన క్లాసువాళ్లం కలుసుకునే రోజుకని తెస్తున్న సంచికకి ఏదైనా రాయమనగానే నాకు ముందు గుర్తొచ్చింది అవే.

గైడ్‌లో ప్రతి మాటకీ ఒక రెడీమేడ్ వాక్యం ఉండేది, అది దింపేస్తే పరీక్షలో మార్కులు పడిపోయేవి, కానీ మన తెలుగు మాస్టారి దగ్గర అది కుదిరేది కాదు. ఒకరోజు బోర్డు మీద 'నెనరు' (ఆప్యాయత, అభిమానం లాంటిది) అని రాసి, ఎక్కడైనా విన్నారా అని అడిగారు. ఎవరూ నోరెత్తలేదు. మహారాణిపేట నుంచి వచ్చే అమ్మాయి ఒకామె సంగీతం నేర్చుకునేది, త్యాగరాజ కీర్తనలో ఉంది సార్ అని లేచి, ఆ ముక్క పాడి వినిపించింది. "నెనరు పక్కన 'ఉంచు' వచ్చింది, విన్నారా?" అన్నారాయన. అరుదైన మాట కనపడితే దాని అర్థం కన్నా ముందు దాని తోడు ఎవరో చూడాలన్నది ఆయన పద్ధతి. 'ఏకరువు' ఉందనుకోండి, దాన్ని పెడతాం, ఇవ్వం, తీసుకోం. 'ఉలిపికట్టె' అయితే 'ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి' అన్న సామెత దాటి బయటికి రావడమే అరుదు.

మర్నాడు నా వాక్యం బోర్డెక్కింది. "నెనరు చాలా మంచి గుణం." మాస్టారు ఆ ఒక్క మాటా అరచేత్తో తుడిచేసి, ఈ ఖాళీలో ఇంకేం పెట్టొచ్చో చెప్పండర్రా అన్నారు. ఓర్పు, పొదుపు, నిజాయితీ... క్లాసంతా తలో మాటా అరిచారు, అన్నీ సరిపోయాయి. "మాట మారినా వాక్యానికి ఏమీ కాలేదంటే, నువ్వు దాన్ని వాడలేదురా" అన్నారు మెల్లగా.

తర్వాత జాలారిపేట నుంచి వచ్చే మన ఫ్రెండ్ వంతు. వాళ్ల నాన్న చేపల బోటులో కళాసీ, అంటే పనివాడు; బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. "వేట నిషేధంలో బోటు కట్టేసినప్పుడు సరంగు మా నాన్న మీద నెనరుంచి బియ్యం పంపించాడు." మళ్లీ తుడిచారు మాస్టారు. ఎవరో జాలి అన్నారు. "జాలి కాదు సార్" అన్నాడు వాడు వెంటనే, "ఆయనకీ ఆ రోజుల్లో పని లేదు, మా నాన్నా ఆయనా ఒకే బోటులో వెళ్తారు." ఇంకొకరు దయ అన్నారు, దానికీ తల అడ్డంగా ఊపాడు. ప్రేమ అంటే కాసేపు ఆలోచించి, దగ్గరగా ఉంది గానీ మా ఇంట్లో మగాళ్లు అలా అనుకోరు సార్ అన్నాడు. మాస్టారు సుద్దముక్క తీసుకుని ఆ ఖాళీలో 'నెనరు' అని మళ్లీ రాశారు. ఆ రోజు నుంచి ఆ మాట నాకు బియ్యం బస్తాతో పాటే గుర్తొస్తుంది.

కాలేజీలో చేరాక ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో నిఘంటువులు తిరగేయడం అలవాటైంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం. శబ్దరత్నాకరంలో బహుజనపల్లి సీతారామాచార్యులు గారు అర్థం చెప్పి ఊరుకోకుండా కవుల ప్రయోగాలు కూడా ఇచ్చారు, అవి చూసినప్పుడల్లా మన క్లాసు బోర్డే కళ్లముందుకు వచ్చేది. ప్రయోగం లేని నిఘంటువు నాకు సగం పనికే వస్తుంది, ఇప్పటికీ.

ఈమధ్య కొందరు థాంక్స్‌కి బదులు 'నెనర్లు' అని రాస్తున్నారు. మాట మళ్లీ నలుగురి నోట్లో పడినందుకు నాకు సంతోషమే. కాకపోతే మనవాడి వాక్యంలో నెనరు బియ్యం పంపినాయనది, ఇప్పుడేమో అది పుచ్చుకున్నవాళ్ల వైపుకి వెళ్లిపోయింది.

వేట నిషేధం ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. మొన్న ఆ రోజుల్లోనే ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. ఆ జాలారిపేట ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. వాక్యం గుర్తుందిట, నోట్సు మాత్రం లేదన్నాడు. మీలో ఎవరి దగ్గరైనా ఆ ఏడాది నోట్సు ఉంటే కలుసుకునే రోజున పట్టుకురండి, నాది నేను తెస్తాను.