పిన్ని దిండులో దూది

ఏప్రిల్ మొదటి వారం. నరసాపురం రేవులో బండితో సహా పంటు ఎక్కి వశిష్ట దాటేసరికి పదకొండయ్యింది. సఖినేటిపల్లిలో పిన్ని వాళ్లింటికి చేరి డిక్కీ తెరిస్తే మైనం ముక్క జిగురు ముద్దలా ఉంది. తేనెమైనం 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కానీ మెత్తబడడానికి మన ఎండ చాలు.

నాకు ఫ్లైలు కట్టే పిచ్చి. చేప కంటికి పురుగులా కనబడేట్టు గాలానికి దారం, బొచ్చు, ఈకలు చుట్టి చేసే ఎర అది. పురుగు ఒంటి కోసం, మైనం పూసిన దారానికి కుందేటి బొచ్చులాంటిది మెలిపెట్టి ఆ దారాన్నే గాలానికి చుడతాం. దీన్ని డబ్బింగ్ అంటారంటే పిన్ని, "ఏ సినిమాకిరా?" అంది.

బొచ్చు పాకెట్టేమో ఇంట్లోనే మర్చిపోయాను. కొబ్బరి పీచుకి అక్కడ కరువా! తీసి మెలిపెట్టాను. వదలగానే పోగులన్నీ విచ్చుకుని చీపురులా నిలబడ్డాయి. అంత బిరుసు. అప్పుడు కంటబడింది, కుట్టు ఊడిన దిండు మూల నుంచి తొంగిచూస్తున్న బూరుగు దూది. ఆ పోగు లోపల బోలు, పైన నీళ్లంటని నునుపు. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో ఈ రకం దూదే కూరేవారు. తేలే ఫ్లైకి ఇంకేం కావాలి? తంటా ఒక్కటే, ఆ నునుపు వల్ల దారం మీద నిలవదు. నిలవాలని మైనం దట్టంగా పులిమాను. చిమ్మిలి ఉండ తయారైంది.

లేసు అల్లుతున్న పిన్ని కాసేపు చూసి ఊరుకోలేకపోయింది. "ఇలా తే." మైనాన్ని దారానికి ఒక్కసారే తాకించింది. నేను తీసిన దూదిలో ముప్పావు వంతు పక్కన పెట్టేసింది. మిగిలినదాన్ని దారం కనబడేంత పల్చగా పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకే వైపు తిప్పింది. "అటూ ఇటూ నలిపితే ఎక్కిన మెలి ఊడిపోదూ?" నేను ఏళ్లుగా చేస్తున్నది అదే.

సాయంత్రం, ఇంకా నీళ్లు ఆపెయ్యని పంట కాలువలో వేశాను. తేలింది. పరిగెలు రెండుసార్లు పొడిచి వదిలేశాయి, మూడోసారి వేలెడంత పిల్ల ఒకటి పడింది. తడిచేత్తో విప్పి వదిలేశాను.

ఇంటికొచ్చేసరికి దిండు మూల కుట్టేసి ఉంది. గుప్పెడు దూది మాత్రం కాగితంలో చుట్టి నా బ్యాగు మీద పెట్టి ఉంది.