పద్నాలుగు బుధవారాలు

మాది పెనుమంట్ర మండలంలో కాలవ శివారు ఊరు. రెండున్నర ఎకరాలు కౌలుకి చేస్తున్నాం. మా ఆయన తాపీ పనికి వెళ్తారు కాబట్టి నారుమడి మొదలు కుప్ప నూర్చేదాకా చేను చూసుకునేది నేనే. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఎప్పుడూ స్వర్ణ రకం వరే. మార్టేరు పరిశోధన కేంద్రం మాకు దగ్గరే, 1982లో ఆ రకం బయటికొచ్చింది అక్కడి నుంచే. మంచి రకం, కానీ దోమకి, అదే వరి మొదళ్ళలో చేరి రసం పీల్చే సుడిదోమకి, అస్సలు తట్టుకోదు. 2021 సార్వాలో మూడుసార్లు మందు కొట్టించాం. మూడోసారి కొట్టిన వారానికే చేను నడుమ గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోయింది. ఎకరానికి పదిహేడు బస్తాలు దిగాయి. కౌలు బస్తాలు మాత్రం అనుకున్నవన్నీ కొలిచి ఇచ్చేశాం. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

మరుసటి ఏడు రైతు భరోసా కేంద్రంలో పొలంబడికి, అంటే బుధవారం బుధవారం చేలోనే రైతులకి నేర్పే బడికి, పేర్లు రాసుకుంటున్నారని తెలిసి వెళ్ళాను. ఇప్పుడు దాన్నే రైతు సేవా కేంద్రం అంటున్నారు. పాస్‌బుక్ అడిగారు. కౌలు అన్నాను. కౌలు కార్డు అడిగారు. లేదన్నాను. "పోనీ మీ ఆయన్ని పంపించమ్మా" అన్నారు అక్కడున్న ఒకాయన. చేలో దిగేది నేనైతే ఆయన వచ్చి నేర్చుకుని ఏం లాభమండీ? ఆ మాటే పైకి అన్నాను కూడా.

కార్డుకి నెల పట్టింది. 2019 చట్టం కింద ఇచ్చే ఆ పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, భూమి ఎవరిదో వాళ్ళు సంతకం పెట్టాలి. మా భూమిగలాయన హైదరాబాద్‌లో ఉంటారు. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతామేమోనని ఆయన భయం. ఇది పంట మీద హక్కే తప్ప భూమి మీద కాదని ఆ పత్రంలోనే రాసి ఉంటుందని ఎన్నిసార్లు చెప్పానో. చివరికి ఒక పెళ్ళికి ఊరొచ్చినప్పుడు పత్రం చేతికిచ్చి చదవమన్నాను. చదివి సంతకం పెట్టారు. నా పేరు మీదే రాయించుకున్నాను.

బడి అంటే చెట్టుకింద కూర్చోబెట్టి చెప్తారనుకున్నాను. మొదటి బుధవారమే చేలో దింపారు. గట్టు వెంట పది చోట్ల పుల్లలు పాతి, వాటికి అట్టపెట్టెలు కట్టారు. ఒక్కో పెట్టె మీద ఒక ప్రశ్న, మూడు జవాబులు, మూడు చీలికలు. పెట్టె నుంచి ఒక దారం వెళ్ళి ఎదురుగా ఉన్న ఆకుకో, పురుగుకో కట్టి ఉంటుంది. దాన్ని చూసి మన చీటీ ఏ చీలికలో వెయ్యాలో వెయ్యాలి. చదువు రానివాళ్ళకి పక్కనుండి చదివిపెట్టారు. పది ప్రశ్నల్లో నావి మూడు సరిపోయాయి. ఇరవై ఏళ్ళుగా వరి చేస్తూ, మేలు చేసే పురుగుని చూపించి ఇదేంటంటే శత్రువని వేశాను.

మొత్తం ముప్పై మందిమి, ఆడవాళ్ళం నలుగురం. అయిదారుగురం చొప్పున జట్లయ్యాం. పొద్దున్నే మంచు ఆరకముందే చేలోకి దిగి, అక్కడక్కడా దుబ్బులు పట్టుకుని పిలకలు, పురుగులు, తెగుళ్ళు లెక్కపెట్టాలి. తర్వాత గట్టు మీద కూర్చుని పెద్ద కాగితం మీద బొమ్మ గియ్యాలి. నడుమ వరి దుబ్బు, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, పైన ఎండో మబ్బో, కింద నీళ్ళెంత ఉన్నాయో. ఆ వారం ఏం చెయ్యాలో జట్టంతా మాట్లాడుకుని అందరి ముందూ చెప్పాలి. బడి నడిపే మేడం గారు ఏదీ తిన్నగా చెప్పేవారు కాదు. "ఇదేం పురుగండీ?" అంటే "ఎక్కడ దొరికిందమ్మా? ఆకు మీదా, మొదట్లోనా? ఏం చేస్తోంది?" అని తిరిగి అడిగేవారు. మొదటి రెండు వారాలు నాకు చిరాకేసింది. నాలుగో వారానికి ఆవిడ అడగకముందే మేమే చూసుకుని వస్తున్నాం.

నా మనసు మార్చింది మాత్రం సీసా. ఒక గాజు సీసాలో బురద వేసి నాలుగు పిలకలు నాటారు. పది దోమల్ని వదిలి, ఒక సాలీడుని కూడా వేసి, మూతికి దోమతెర గుడ్డ కట్టారు. ఈ సాలీడు వల కట్టే రకం కాదు. నీళ్ళ మీద పరుగెడుతుంది, గుడ్ల సంచిని వెనక అంటించుకుని తిరుగుతుంది. సీసాని నేనే ఇంటికి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టాను. సాయంత్రం అన్నం వారుస్తూ చూశాను. సాలీడు పిలక మొదట్లో కదలకుండా ఉంది. దోమ ఒకటి కిందికి జారింది, అంతే, కంటికి ఆనలేదు, దాని నోట్లో ఉంది. మర్నాడు పొద్దున లెక్కపెడితే నాలుగు మిగిలాయి. మా అత్తయ్యగారు కూడా వచ్చి వంగి చూసి, "వీటినా ఇన్నాళ్ళూ మందు కొట్టి చంపుకున్నాం!" అన్నారు.

ఆ వారం మేడం గారు చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. దోమ గుడ్లు పెట్టేది పిలకని చుట్టుకుని ఉండే ఆకు తొడుగు లోపల. మనం కొట్టిన మందుకి పైనున్న దోమ చస్తుంది, సాలీళ్ళూ, గుడ్లు పీల్చే ఆకుపచ్చ మిరిడ్ నల్లులూ చస్తాయి. లోపలి గుడ్లు మిగులుతాయి. అవి పొదిగి బయటికొచ్చేసరికి తినేవాళ్ళెవరూ ఉండరు. 2021లో మా చేలో జరిగింది అదే. ఇండోనేషియాలోనూ ఇలాగే దోమ చెలరేగితే 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఆపేశారట. 1989లో ఈ పొలంబళ్ళు మొదలైంది కూడా అక్కడేనట.

తొమ్మిదో వారంలో నా సొంత చేలో దోమ కనబడింది. దుబ్బుకి ఎనిమిది, తొమ్మిది. మందుల కొట్టులో ఇప్పుడే కొట్టమన్నారు. పక్క చేల వాళ్ళు కొట్టేశారు. పిలకల దశలో దుబ్బుకి 10–15 దాటితేనే మందు గురించి ఆలోచించాలని నేర్చుకున్నాం, ఈనిక మీదయితే, అంటే కంకి బయటికొచ్చేటప్పుడు, 20–25. నా దుబ్బుల్లో సాలీళ్ళు రెండేసి, మూడేసి ఉన్నాయి. కొట్టించలేదు. ఆ రెండు వారాలు నాకు నిద్ర లేదు, నిజం. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి లెక్క రాసుకునేదాన్ని.

దోమ తగ్గడానికి నీళ్ళు తీసేసి చేను ఆరగట్టమని బడిలో అన్నారు. చెప్పినంత తేలిక కాదది. మా నీళ్ళు దిగేది పల్లపు చేలోకి, ఆ బాబాయి అప్పుడే యూరియా చల్లారు. "రెండ్రోజులాగమ్మాయ్, చల్లిందంతా కొట్టుకుపోద్ది" అన్నారు. ఆగాను. మూడోనాడు గండి కొట్టాను. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఈ ముక్క మీద ఇంకా ధ్యాస పెట్టాలి. మా శివారు చేలల్లో నీరు కట్టడం, తీయడం ఒక్కరి చేతిలో ఉండే పని కాదు. వరసగా ఉన్న చేల రైతులందర్నీ ఒకే బడిలో చేర్చుకుంటే చాలా మేలు.

ఈనిక మీద ఒక మూల మాత్రం దోమ పాతిక దాటింది. దుబ్బుల నడుమ పాయలు (సన్నటి దారులు) తీసి, ఆ మూలకి మాత్రమే పైమెట్రోజిన్ అనే దోమ మందు కొట్టించాం, దుబ్బుల మొదళ్ళు తడిచేలా. ఆ ఏడు మందుకి పెట్టింది అదొక్కటే, కూలితో కలిపి పదకొండు వందలు. అంతకుముందు ఏడు తొమ్మిది వేలు దాటింది. ఎకరానికి ఇరవయ్యెనిమిది బస్తాలు దిగాయి.

పద్నాలుగో బుధవారం మళ్ళీ గట్టు మీద పెట్టెలు కట్టారు. తొమ్మిది సరిపోయాయి. తప్పింది తెగులు ప్రశ్న. పాముపొడ తెగులుకీ పొట్టకుళ్ళు తెగులుకీ ఇప్పటికీ కొంచెం తడబడతాను.

కౌలుకి చేసే ఆడవాళ్ళకి ఒక మాట. బడికి పేర్లు రాసేది నాట్లకి ముందే, కార్డు మాత్రం ఆలస్యమవుతుంది. ఎండాకాలంలోనే భూమిగలవాళ్ళని కదపండి, కార్డు మీ పేరు మీదే రాయించుకోండి. మీ ఆయన్ని పంపమంటే ఊరుకోకండి. ఇంట్లో గాజు సీసా ఉంటే కడిగి పెట్టుకోండి, మీకూ పనికొస్తుంది.