పాత అవుట్‌బోర్డు ఇంజను: ముందు నీటిధార చూడండి

కాకినాడ, ఉప్పాడ, భీమిలి ఒడ్డున ఫైబర్ బోట్లకు తగిలించే 9.9 హార్స్‌పవర్ టూస్ట్రోక్ ఇంజను చూసుకుంటే ఏళ్లతరబడి నడుస్తుంది. దాన్ని త్వరగా తినేసేది లోపల గడ్డకట్టే ఉప్పు.

తాడు లాగి స్టార్ట్ చేసిన అర నిమిషంలోపు వెనక రంధ్రంలోంచి నీటిధార పడాలి. ఇంజనును చల్లబరిచే నీళ్లు లోపల తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. పడకపోతే వెంటనే ఆపెయ్యండి. రంధ్రంలో సన్నటి తీగ పెట్టి కదిపితే ఉప్పో, ఇసుకో, కందిరీగ మట్టో రాలుతుంది. అప్పటికీ రాకపోతే, స్పీడు పెంచినా ధార సన్నగానే ఉంటే, ముందు అనుమానించాల్సింది ఇంపెల్లరునే, అంటే పంపులో తిరుగుతూ నీళ్లు పైకి తోసే రబ్బరు రెక్కల చక్రాన్నే.

గేరు లింకు విప్పి, బోల్టులు తీస్తే కింది గేర్‌బాక్సు మొత్తం కిందికి జారుతుంది. పంపు మూత తీసి ఇంపెల్లరు రెక్కను వేలితో వంచి చూడండి. రెక్క మొదలు దగ్గర వెంట్రుకంత పగులున్నా, వంగిన రెక్క మళ్లీ నిలబడకపోయినా పారెయ్యాల్సిందే. రెక్క ముక్క ఊడి ఉంటే అది దొరికేదాకా వదలొద్దు. నీటిదారిలో ఇరుక్కుందంటే కొత్త ఇంపెల్లరు వేసినా ఇంజను కాగుతుంది. ఇంపెల్లరు తిరిగే స్టీలు కప్పు మీద, కింది ప్లేటు మీద గోరు తగిలేంత గాడి పడితే అవీ మార్చాలి. బిగించేటప్పుడు ఇంపెల్లరును షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీ జారకుండా చూసుకుని, కాస్త గ్రీజు రాసి, పైనుంచి చూస్తూ షాఫ్టును గడియారం తిరిగే వైపు తిప్పుతూ మూత దించండి. రెక్కలు సరైన వైపుకు వంగుతాయి. నీటి గొట్టం రబ్బరు రింగులో కూర్చుందో లేదో చూడకుండా గేర్‌బాక్సు బోల్టులు బిగించొద్దు. ఎక్కువమంది పొరబడేది అక్కడే.

ఒడ్డున నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా ఇంజను తిప్పకండి. ఇంపెల్లరు రబ్బరు చల్లబడేదీ, జారేదీ నీళ్లతోనే. వేట నుంచి వచ్చాక నీళ్లు పీల్చే జాలీ బాగా మునిగేలా డ్రమ్ములో మంచినీళ్లు పోసి, న్యూట్రల్‌లో 10 నుంచి 15 నిమిషాలు నడపండి. కొన్ని రోజులు పక్కన పెట్టేట్టయితే చివర్లో పెట్రోలు పైపు ఊడదీసి, కార్బొరేటరు ఖాళీ అయ్యి ఇంజను దానంతటదే ఆగేదాకా వదిలెయ్యండి.

ఇక గేరు ఆయిలు. మజ్జిగలా తెల్లగా వచ్చిందంటే లోపలికి నీళ్లు దిగాయి. మన బోట్లలో తరచూ కనిపించే కారణం వలదారమే: ప్రొపెల్లరు వెనక షాఫ్టుకు చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తుంది. నెలకోసారి ప్రొపెల్లరు తీసి చూడండి. కొత్త ఆయిలు కింది రంధ్రంలోంచే ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా కారాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. వాషర్లు కొత్తవే వెయ్యండి.

50:1 అని రాసి ఉన్న ఇంజనుకు 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ (2టీ) ఆయిలు కలపాలి. పెట్రోలు పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు లోపలికి నొక్కుకుపోయి ఉంటే ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే పైపు ఎక్కడో గాలి లాగుతుండొచ్చు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత పైపుల్ని త్వరగా పాడుచేస్తుంది. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిల్వ ఉంచకండి.

ఇంజను అరుస్తుంటుంది, బోటు మాత్రం కదలదు. అలాంటప్పుడు ప్రొపెల్లరు లోపలి గుబ్బ మీదినుంచి బయటి భాగం మీదికి పెయింటుతో ఒకే గీత గీసి, నీళ్లలో గట్టిగా నడపండి. తిరిగొచ్చాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే మధ్యలో రబ్బరు పట్టు వదిలేసింది. ఆ పట్టు బాగుచేయించేదాకా, నెమ్మదిగా ఒడ్డుకు చేరడానికి తప్ప ఆ ప్రొపెల్లరు పనికిరాదు.