నెల్లూరులో ఒక ఫోటో పని

మద్రాసు సెంట్రల్‌లో పినాకిని రైలెక్కి నెల్లూరు పోవడం నాకు కొత్త కాదు. ఈసారి పనే కొత్తది. మా మేనత్త ఫోన్ చేసి, "అమ్మణ్ణీ, నా పెద్దకర్మ ఫోటో నేనే తీయించుకుంటా. నువ్వు బొమ్మల టీచరువు గదా, వచ్చి పక్కన నిలబడు" అంది. 78 ఏళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకే జబ్బూ లేదు.

ఎందుకంత తొందరని నేను అడగలేదు. కారణం వాళ్ల హాల్లో గోడకే వేలాడుతోంది. మామయ్య పోయినప్పుడు ఇంట్లో ఒక్క మంచి ఫోటో దొరకలేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటోలోంచి ఆయన తల కత్తిరించి, జుట్టు నల్లగా చేసి, కోటూ టై తగిలించి ఇచ్చారు. బియ్యం కొట్లో పంచెకట్టుతో బతుకంతా గడిపిన మనిషి ఆయన. పదకొండేళ్లుగా కోటేసుకుని దండలో ఉన్నాడు. కొత్తగా కాపురానికొచ్చిన మనవడి భార్య ఆయన్ని లాయరనుకుందట.

రైల్లో కిటికీ సీటు దొరికింది. స్కూలు తెరవగానే పిల్లలకి సెల్ఫ్ పోర్ట్రెయిట్ల గురించి, అంటే ఎవరి బొమ్మ వాళ్లే చేసుకోవడం గురించి చెప్పాలి. ఆ బొమ్మలన్నీ ఫోన్లో పెట్టుకుని ఉన్నాను. రోమన్ ఓపాల్కా దగ్గరే గూడూరు దాకా ఆగిపోయాను. పోలండ్ చిత్రకారుడు. 1965లో వార్సాలో నల్ల కాన్వాస్ మీద తెల్ల రంగుతో 1 అని మొదలుపెట్టి, 2, 3, 4 అంటూ అంకెలే వేసుకుంటూ పోయాడు. కాన్వాస్ నిండితే ఇంకోటి. కొన్నేళ్ల తర్వాత నేపథ్యంలో ప్రతి కాన్వాస్‌కీ ఒక శాతం తెలుపు కలపడం మొదలెట్టాడు. చివరికొచ్చేసరికి తెలుపు మీద తెల్ల అంకెలు. రోజు పని ముగిశాక తెల్ల చొక్కాలో, అదే వెలుతురులో, నవ్వకుండా తన మొహం ఫోటో తీసుకునేవాడు. 2011లో పోయేనాటికి 56,07,249 దగ్గర ఉన్నాడు. ఆ ఫోటోలు వరసగా పెట్టి చూస్తే జుట్టు, చొక్కా, గోడ అన్నీ ఒకే తెలుపులోకి వెళ్లిపోతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఇదేం పిచ్చి అనుకున్నాను. యాభై దాటాక అలా అనిపించడం లేదు.

స్టేషన్ నుంచి ఆటోలో రంగనాయకులపేట. అత్త గుమ్మంలోనే నా పాపిట చూసి, "ఏందిమే, రంగు మాసిపోయిందే" అంది. నిన్నటి చేపల పులుసుతో అన్నం పెట్టింది. నెల్లూరు పులుసు సంగతి చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది.

రాత్రి కరెంటు పోయింది. మంచాలు వసారాలో వేసుకుని, ఫోన్ వెలుతుర్లో ఆమెకి నా బొమ్మలు చూపించాను. మార్క్ క్విన్ అనే ఇంగ్లండ్ శిల్పి 1991లో తన రక్తమే నాలుగున్నర లీటర్ల దాకా కొంచెం కొంచెంగా తీయించి, దాన్ని తన తల ఆకారంలో పోసి గడ్డకట్టించాడని, ఫ్రీజర్ పెట్టెలో ఉంచుతారని, ఐదేళ్లకొకసారి కొత్తది చేస్తాడని చెప్పాను. అత్త చీకట్లో తిరగని ఫ్యాన్ వైపు చూసి, "కరెంటు పోతే?" అంది. పోతే కరిగిపోతుంది. క్విన్ చెప్పదలుచుకున్నదీ ఇంచుమించు అదే. 80 ఏళ్ల వయసులో, 1980లో, ఒంటిమీద నూలుపోగు లేకుండా కుర్చీలో కూర్చుని చేతిలో బ్రష్‌తో తన బొమ్మ తానే వేసుకున్న ఆలిస్ నీల్‌ని చూపించడానికి మాత్రం నాకే ధైర్యం చాలలేదు.

విలియం అటర్‌మోలెన్ బొమ్మలు దాటేద్దామనుకున్నా, ఆమే వేలితో ఆపింది. లండన్‌లో ఉండిన అమెరికా చిత్రకారుడు. 1995లో అల్జీమర్స్ అని తేలింది. తర్వాత కూడా కొన్నేళ్లు తన మొహాన్నే వేసుకుంటూ పోయాడు. కళ్లు చోటు తప్పుతాయి, ముక్కు జారుతుంది, ఆఖరి వాటిలో తల ఆకారమొక్కటే మిగులుతుంది. అత్త చాలాసేపు చూసింది.

"మీ పెద్దత్త ఇట్టానే అయింది గదా. ఆఖర్లో అద్దంలో చూసుకుని, ఎవురో ఆడమనిషి వచ్చుండాది, కాఫీ ఇయ్యండి అనేది. ఇస్తే గ్లాసు అద్దం ముందర పెట్టేది. ఆరిపోయినాక నేనే పారబోసేదాన్ని."

ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు.

పొద్దున్నే పెన్న ఒడ్డుకి నడిచాం. రంగనాథస్వామి గాలిగోపురం మీద ఎండ అప్పుడే పడుతోంది. నీళ్లు ఓ పక్కగా సన్నగా ఉన్నాయి. బోడిగాడితోట శ్మశానం వైపు చెయ్యి చూపించి, "నన్ను అక్కడికే గదా తీసకపోయేది, దగ్గరే" అంది, రైతుబజారు దగ్గరే అన్నట్టు.

స్టూడియో ట్రంకు రోడ్డులో, గాంధీబొమ్మ దాటాక ఒక సందులో. అత్త మొహం కడుక్కుని, పౌడరు వద్దని, నేత చీరలో నిటారుగా కూర్చుంది. అబ్బాయి రెండు ఫోటోలు తీసి కంప్యూటర్లో తెరిచాడు. నేను ఫోన్ చూసి తలెత్తేలోగా మౌస్ నాలుగుసార్లు కదిపాడు, ముడతలన్నీ పోయాయి. గడ్డం కింద వదులు చర్మం పోయింది. రంగు రెండు మెట్లు తేలింది.

"ఎవురబ్బయ్యా ఈమె?" అంది అత్త.

"మీరేనమ్మా. క్లీన్ చేశా."

"నువ్వు కడిగేదానికి నేనేమన్నా గిన్నెనా? ఉన్నట్టే పెట్టు."

నాకు లోపల పండగలా ఉంది. రాత్రి చూపించిన బొమ్మలు పనిచేశాయని గర్వం కూడా. ముడతలన్నీ వెనక్కి వచ్చాయి. ప్రింటు సైజు మాట్లాడబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"చెవులకి కమ్మలు పెట్టమను."

చెవుల్లో ఉన్నవి చిన్న దుద్దులు. అసలు కమ్మలు, వాళ్లమ్మ ఇచ్చినవి, పెద్ద కూతురి పెళ్లికి అమ్మేసింది. ముప్పై ఏళ్లు దాటింది. వాటి బరువుకి సాగిన తమ్మెలు మాత్రం అలానే ఉన్నాయి. ఉన్నట్టే పెట్టమన్నావు గదా అత్తా, అనబోయి ఊరుకున్నాను.

అబ్బాయి కంప్యూటర్లో ఉన్న నగలన్నీ చూపించాడు. జుంకాలు, బుట్టలు, సినిమా వాళ్లవి. ఒక్కటీ నచ్చలేదు. "ఇదో, మా అమ్మణ్ణి గీస్తుంది చూడు" అంది. బిల్లు కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాను. ఏడు రాళ్లు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఇంత పెద్దవి కాదు. ఇంకొంచెం దగ్గరగా. గీస్తుంటే ఆమె వేలు కాగితం మీదే ఉంది.

"ఎడం చెవిది కింద రాయి ఊడిపోతే వేరేది పొదిగించినాం. అది మిగతావాటిలాగా మెరిసేది కాదు. దాన్ని కొంచెం నల్లగా గియ్యి."

పెన్ను అడ్డంగా పట్టి రుద్దాను. ఇంకొంచెం, అంది.