అమ్మకు ఓరుగల్లు చూపించిన రోజు

మా అమ్మ వరంగల్‌కు నాలుగుసార్లు వెళ్లింది. నాలుగుసార్లూ పెద్దాసుపత్రికే. టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సు దిగడం, వార్డు బయట చాప పరుచుకుని కూర్చోవడం, మళ్లీ బస్సెక్కి కరీంనగర్ రావడం. ఆ ఊళ్లో కోట ఉందనీ, వేయి స్తంభాల గుడి ఉందనీ ఆమెకు తెలుసు. చూసి వద్దామని ఎవరూ అనలేదు, ఆమె కూడా అడగలేదు.

డిసెంబరులో ఒకరోజు ఐదో తరగతి చదివే మా పాప బడి పుస్తకం పట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, ఇది చూసినవా?" అని అడిగింది. అమ్మ ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. తల ఎత్తకుండానే "సూడలే బిడ్డా" అంది. ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టిన మనిషి. గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న కోటను చూడలేదు. ఆ ఆదివారమే తీసుకెళ్తానని అప్పుడే చెప్పేశాను.

అమ్మ ఒక షరతు పెట్టింది. "ముగ్గురికి గలిపి ఐదు వందలు దాటితే నేను రాను." ఆమెకు ఐదు వందలంటే ఎన్ని వేల ఆకులు కత్తిరించాలో తెలుసు. అందుకే నేను వాదించలేదు, కూర్చుని లెక్క వేశాను.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు ప్రయాణం. అది మాకు లేకుండా పోయింది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. ఆడపిల్లలకూ అంతే. మేం ముగ్గురం ఆడవాళ్లమే. ఒక్క జాగ్రత్త పాటించాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. ముందు ఏది వస్తే అది ఎక్కేస్తే టికెట్ కొనాల్సిందే. ఉచితమైనా కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకుని చివరిదాకా దాచుకోవాలి.

తెల్లవారి ఆరున్నరకే బస్టాండు చేరాం. బస్సెక్కే ముందు అడిగితే తెలిసింది, ఉచిత టికెట్‌కు చూపించాల్సిన అమ్మ ఆధార్ కార్డు ఇంట్లో బ్యాంకు పాసుబుక్కు కవర్లో ఉండిపోయిందట. నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చింది. తమ్ముడికి ఫోన్ చేస్తే బండి మీద తెచ్చి ఇచ్చాడు. ఈలోగా రెండు బస్సులు వెళ్లిపోయాయి. ఎవరైనా ఇలా వెళ్లాలనుకుంటే ముందురోజు రాత్రే కార్డులు సంచిలో వేసుకోండి. మా రోజంతా ఆ గంట కోసం పరుగు పెట్టినట్టే గడిచింది.

హుజూరాబాద్ దాటాక పక్క సీట్లో కూర్చున్న హసన్‌పర్తి ఆవిడ మా ప్లాను విని మార్చేసింది. నేను ముందు కోటకు వెళ్దామనుకున్నాను. ఆమె, "ముందుగాల హన్మకొండల్నే దిగున్రి అక్కా. వెయ్యి స్తంభాల గుడి, భద్రకాళి పొద్దున సూసుకోన్రి. మధ్యాహ్నం అమ్మవారి గుడి బంద్ వెడ్తరు. కోట ఏడికి వోతది?" అంది. బయటివాళ్లకు వరంగల్ అంటే ఒక ఊరే గానీ, కాజీపేట, హన్మకొండ, వరంగల్ కలిసిపోయి పెరిగిన నగరం ఇది. కరీంనగర్ నుంచి వచ్చే బస్సు ముందు హన్మకొండకే వస్తుంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగితే ఆటోలకే వందలు అయిపోతాయి. ఆమె చెప్పిన వరుసే మా డబ్బు కాపాడింది.

హన్మకొండ బస్టాండు దగ్గర ఇడ్లీ, టీలకు 50 రూపాయలు అయ్యాయి. అక్కడి నుంచి గుడిదాకా నడిచాం. అమ్మకు మోకాళ్ల నొప్పి ఉన్నా, చౌరస్తాలో దుకాణాలు చూసుకుంటూ నెమ్మదిగా నడిచింది.

వేయి స్తంభాల గుడిలోకి వెళ్లడానికి టికెట్ లేదు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక ఎవరి కిందా లేమని చాటుకున్న శాసనం ఇక్కడే ఉంది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. గుడికీ కల్యాణ మండపానికీ మధ్యన నల్లరాతి నంది. దాని నున్నటి వీపు మీద మా పాప నీడ పడింది. ఎన్నో ఏళ్లు రాళ్లు విప్పి పెట్టి, మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచిన కల్యాణ మండపాన్ని నేనూ అదే మొదటిసారి చూడటం. ఇసుక నింపిన గుంత మీద ఇంత బరువును నిలబెట్టే పద్ధతి కాకతీయులది. ఆ మాట చెబితే అమ్మ కాళ్ల కింద నేల వైపు చాలాసేపు చూసింది.

తర్వాత ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ముందు నాకు అర్థం కాలేదు. స్తంభం నుంచి స్తంభానికి నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి, మధ్యమధ్యలో ఒక వేలు ముడుస్తోంది. బీడీల లెక్క అది. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కార్ఖానాలో కూలి కట్టేది వెయ్యికి ఇంత అని. ముప్పై ఏళ్లుగా ఆమె రోజును కొలిచింది ఆ వెయ్యే. ఇప్పుడు స్తంభాలను కట్టలుగా లెక్కపెడుతోంది. ఏడు కట్టలదాకా వచ్చి ఆగిపోయింది. పెద్ద స్తంభాల మధ్య చిన్నవి, ఒకదానితో ఒకటి కలిసిపోయినవి, ఏది ఒకటి, ఏది రెండు అని తేలలేదు. చిన్నా పెద్దా కలిపితేనే వెయ్యి అంటారని చెప్పాను. "అయితే మల్ల మొదటికెల్లి" అంది. నేను ఆపలేదు. భద్రకాళి గుడి మూసేస్తారన్న తొందర ఉన్నా ఆపలేకపోయాను.

రెండోసారి లెక్కలో ఒక స్తంభం దగ్గర నిలబడి, గుండ్రటి అంచు మీద వేలు పెట్టి తిప్పింది. ఆకు కత్తిరించీ, దారం చుట్టీ కాయలు కాసిన వేలు. "గీ అంచు సూడు బిడ్డా. అచ్చు వెట్టి కోసినట్టున్నది. గొంత తేడా లేదు. వీళ్ల చేతులు ఎంత నొచ్చినయో." నేను చదువుకునేటప్పుడు ఈ గుడికి ఎన్నోసార్లు వచ్చాను. కాలేజీ స్నేహితులతో ఫొటోలు దిగాను. చెక్కినవాళ్ల చేతుల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

భద్రకాళి గుడికి ఆటో 70 రూపాయలకు మాట్లాడుకున్నాం. దర్శనం త్వరగానే అయింది. కొబ్బరికాయ, పూలకు 50, చెప్పులు పెట్టిన చోట 10. ఆదివారం కావడంతో జనం బాగానే ఉన్నారు. చెరువు గట్టున కాసేపు కూర్చుని, రోడ్డు మీదికి నడిచి వచ్చి సిటీ బస్సెక్కాం. అదీ జీరో టికెట్టే. వరంగల్ స్టేషన్ దగ్గర దిగి కోటకు ఆటో మాట్లాడాం. మొదట అడిగిన డ్రైవరు 'కోట అంతా తిప్పి చూపిస్తా, 300' అన్నాడు. వద్దన్నాను. కోటలో చూడాల్సినవన్నీ నడిచేంత దూరంలోనే ఉంటాయి, తిప్పడానికి ఆటో అక్కర్లేదు. ఇంకో ఆయన 60కి దించాడు.

అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మీదుగా వెళ్తుంటే ముందు మట్టికోట వస్తుంది, తర్వాత రాతికోట. రాతికోట దర్వాజా దగ్గర దారి తిన్నగా పోదు, లోపల మలుపు తిరుగుతుంది. శత్రువు ఒక్క ఊపున దూసుకురాకుండా అలా కట్టారు. ఈ రోజుకీ ఆ మలుపులో ఆటోలు, బండ్లు నెమ్మదిగా ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటున్నాయి. గోడల లోపల ఊరుంది, పొలాలున్నాయి, బట్టలు ఆరేసిన దండేలున్నాయి. నాకు ఈ కోట ఇష్టమయ్యేది అందుకే. ఇక్కడ మనుషులు ఇంకా బతుకుతున్నారు.

గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. అమ్మకు ఆ మాట చెప్పగానే గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించింది. సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టిన రాళ్లు. "ఆడిమనిషి కట్టిచ్చిందా గిదంత?" అంది. మా పాప వెంటనే ఆమె గుర్రమెక్కి యుద్ధాలు కూడా చేసిందని చెప్పింది.

తోరణాలున్న చోటికి పెద్దవాళ్లకు 25 రూపాయల టికెట్, 15 ఏళ్లలోపు పిల్లలకు లేదు. మాకు 50 అయింది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. మధ్యలో స్వయంభూ శివాలయం రాళ్లు, విరిగిన స్తంభాలు, చెక్కిన పలకలు వరుసగా పేర్చి ఉన్నాయి. పాప పుస్తకంలో బొమ్మ గుర్తు తెచ్చుకుని, తోరణం మీద హంసలను వెతికి పట్టుకుంది. పడి ఉన్న రాళ్ల గురించి అమ్మ అడిగితే 1323 సంగతి చెప్పాను. ఢిల్లీ సైన్యం కోటను గెలవడం, ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకెళ్లడం, ఆయన ఢిల్లీ చేరకుండానే దారిలో చనిపోవడం. అమ్మ అంతా విని, పడి ఉన్న ఒక పువ్వు చెక్కడం మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

మధ్యాహ్నం చెట్టు నీడన భోజనం. పొద్దున నాలుగింటికే అమ్మ చేసిన సర్వపిండి, పులిహోర. సర్వపిండి చల్లారినా బాగుంటుంది, పల్లీలూ నువ్వులూ పంటి కింద పడుతుంటే పచ్చడి కూడా అవసరం లేదు. మేం కొన్నది నీళ్ల సీసా ఒక్కటే, 20 రూపాయలు. తిండి ఇంటి నుంచి తెచ్చుకోకపోతే ఐదు వందల మాట నిలబడేది కాదు.

ఖుష్ మహల్‌లో అమ్మ చాలాసేపు కూర్చుంది. వాలుగా లేచిన మందపు గోడలు, పెద్ద కమానులు, బయట ఎండ ఉన్నా లోపల చల్లదనం. మోకాళ్ల వల్ల ఏకశిల గుట్ట ఎక్కనంది. నేనూ పాపా ఎక్కాం. ఈ ఒంటి రాయి వల్లే ఓరుగల్లు అన్న పేరొచ్చిందంటారు. పైనుంచి ఇళ్లు, వరి మళ్లు, వాటి చుట్టూ కోటగోడ కనిపిస్తుంటే పాప, "అమ్మమ్మా!" అని కిందికి అరిచింది. వినబడదని తెలిసినా చెయ్యి ఊపింది.

స్టేషన్‌కు ఆటో 60, బస్టాండు పక్కన మిర్చి బజ్జీలు 40, ఒక ముసలావిడ దగ్గర రేగుపండ్లు 30. కొత్తవాడ జంపఖానా ఒకటి కొనాలని నాకు చాలా ఉండె. చేతిమగ్గం మీద నేసిన ఆ రంగులంటే నాకు ప్రాణం. కానీ మాట ఇచ్చాను కాబట్టి ఆ వైపు వెళ్లలేదు.

కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ హన్మకొండ బస్టాండులో ఆగినప్పుడు పర్సులో డబ్బు లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టాను. 440 ఖర్చయింది, 60 మిగిలింది. ఆమె కిటికీలోంచి పక్కనే ఆగిన బస్సు బోర్డును చూస్తోంది. కూడబలుక్కుని చదివింది, "ము...లు...గు". తర్వాత నా వైపు తిరిగింది.

"రామప్ప గుడి ఆ దిక్కే గదా?"

అటే అన్నాను. ఆ బస్సులో ములుగు వరకు వెళ్లి, అక్కడి నుంచి జంగాలపల్లి క్రాస్ దాకా ఇంకో బస్సు, ఆ పైన ఆటో.

అమ్మ ఆ 60 రూపాయలను కొంగు చివర ముడి వేసుకుంది. "గివి గట్లనే ఉండనీ. ఇంకిన్ని కలుపుత" అంది.